పొగ పైకి పోయేదాకా

స్టెఫా హుమెన్యుక్ ఏ ఇంట్లో గదులు వెచ్చబెట్టే గ్యాస్ ఫర్నేస్ బిగించినా, పని అయిపోగానే వెళ్ళిపోయేది కాదు. తలుపులూ కిటికీలూ అన్నీ మూయించేది. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యానూ, స్నానాలగది ఫ్యానూ, బట్టలు ఆరబెట్టే మిషనూ, ఇంట్లో గాలి బయటికి గుంజుకుపోయేలా, ఒకేసారి వేయించేది. ఆ తరువాత నేలమాళిగలోకి దిగి, ఒక అగరవత్తి వెలిగించి, పొగగొట్టం మొదట్లో పట్టుకుని కూర్చునేది. పొగ గొట్టంలోకి లాక్కుపోతే సరే. గదిలోకి వెనక్కి తిరిగిందా, ఆ ఇంటివాళ్ళకి ఆ రోజు మంచిరోజు కాదు.

అగ్గిపుల్ల తొందరగా ఆరిపోతుందని ఆమె అగరవత్తులు వాడేది. పెద్ద పట్నం విన్నిపెగ్‌లో ఒక కొట్టు నుంచి కట్టలు తెప్పించుకునేది. మాకు చర్చిలో తప్ప ధూపం వాసన ఎరుక లేదు. అందుకని ఊళ్ళో ఆమెకి ఫాదర్ స్టెఫా అని పేరు పెట్టారు.

"ఏం ఫాదర్, ఇవాళ ఎవరి ఫర్నేస్‌కి జ్ఞానస్నానం?" అని మంచు మీద ఆడే కర్లింగ్ ఆట హాల్లో ఎవరో ఒకరు అడిగేవారు.

"నీదానికే. జ్ఞానస్నానం కాదు, అంత్యక్రియలు. మార్చవయ్యా అని ఎన్నేళ్ళుగా మొత్తుకుంటున్నాను?"

నవ్వేవారు. ఆ తరువాత మెల్లగా పక్కకొచ్చి, ఎప్పుడు వీలవుతుందని అడిగేవారు.

భర్త పావ్లో ఉన్నప్పుడు ఆ పని ఆయనది. స్టెఫా పక్కన లైటు పట్టుకుని నిలబడేది. పట్టుకుని ఊరుకునేది కాదు, "ఆ వాలు ఇటు కదా ఉండాలి?" అని అడిగేది. ఆయన ఒక వేసవి చివర అన్న పొలంలో గోధుమ కోతకి సాయం వెళ్ళి, గుండె ఆగి అక్కడే పోయాడు. ఆయన పనికి తిప్పిన వ్యాను అమ్మేస్తుందని అందరం అనుకున్నాం. చలి ముదరకముందే ఆమె విన్నిపెగ్ వెళ్ళి పరీక్ష రాసి ఆ పనికి లైసెన్సు తెచ్చుకుంది. వ్యాను మీద హుమెన్యుక్ అన్న అక్షరాలకి కొత్త రంగు మాత్రం వేయించింది.

తొంభైల మొదట్లో మా వైపు కొత్తరకం ఫర్నేస్‌లు వచ్చాయి. వాటికి ఇటుకల పొగగొట్టం అక్కర్లేదు. రెండు తెల్లటి ప్లాస్టిక్ గొట్టాలు గోడలోంచి బయటికి పోతాయి. ఒకటి గాలి పీల్చుకోవడానికి, ఒకటి వదలడానికి. గోడకి కన్నం ఎక్కడ పెట్టాలని యజమానిని అడిగితే, వీధిలోకి కనపడని చోట పెట్టమంటాడు. స్టెఫా యజమానిని అడిగేది కాదు. ఆ ఇంట్లో మంచు ఎత్తిపోసే మనిషెవరో కనుక్కుని, వాళ్ళని బయటికి తీసుకెళ్ళేది. "పోయిన ఏడు ఈ గోడకి మంచు ఎక్కడిదాకా పేరుకుంది? చేత్తో చూపించు" అనేది. వాళ్ళు నడుము దగ్గర చెయ్యి పెడితే, ఆమె భుజం ఎత్తున గీత గీసేది. కిటికీలకి దూరం, గ్యాస్ మీటరుకి దూరం, గాలి సుడి తిరిగే మూలకి దూరం. గొట్టం ఇంట్లోకి వాలుగా ఉండాలి. లేకపోతే అందులో చేరే నీరు బయటి కొసన గడ్డకట్టి మూసుకుపోతుంది. గ్యాస్ గొట్టం అతుకు అతుకుకీ సబ్బునీళ్ళు రాసి, బుడగ లేస్తుందేమోనని చూస్తూ నిలబడేది. ఆ సమయంలో ఎవరు పలకరించినా జవాబు వచ్చేది కాదు.

ఇక ఆమె బావగారి సంగతి. పావ్లోకి అన్న దిమిత్రో, మా పక్కింటాయన. ఆయనకి లోకంలో శత్రువంటూ ఉంటే అది సందుల్లోంచి వచ్చే చల్లగాలి. ఏటా బంగాళాదుంపలు తవ్వడం కాగానే, ఆయన జిగురూ, ఉన్నిపట్టీలూ, ప్లాస్టిక్ పొరలూ పట్టుకుని ఇల్లంతా తిరిగేవాడు. దిమిత్రో ఇంట్లో తుమ్మితే చెవులు దిబ్బళ్ళు పడతాయని ఊళ్ళో అనేవాళ్ళు. ఆయన దాన్ని మెప్పుగానే తీసుకునేవాడు.

ఆ రోజుల్లోనే ఒక జనవరిలో ఆయన భార్య నాదియా తుంటి ఆపరేషన్‌కి విన్నిపెగ్ ఆస్పత్రిలో ఉంది. ఆమె అక్కడ ఉండగానే ఇంట్లో పాత ఫర్నేస్ లోపల పగిలింది. దిమిత్రో స్టెఫాని పిలిచాడు. నాదియా ఫోన్లో ఒక్కటే అడిగిందట. "ఆస్పత్రి కంపు జుట్టుకి పట్టేసింది. రాగానే వేడినీళ్ళతో తలంటుకోవాలి. ఇంకేం వద్దు నాకు" అని.

ఆమె వచ్చే రోజు దిమిత్రోకి పండగలా ఉంది. చూపు తగ్గి హైవే మీద బండి నడపలేడు కనుక, మా ఆయన వాసిల్ ఆమెని తీసుకురావడానికి వెళ్ళాడు. నేను వాళ్ళ వంటింట్లో బీట్‌రూట్ సూపు, బోర్ష్ట్, పొయ్యి మీద పెట్టి, సోయికూర తరుగుతున్నాను. పొద్దున్నుంచీ కింద స్టెఫా సుత్తి చప్పుడు వినిపిస్తూనే ఉంది.

మధ్యాహ్నం దాటాక కొత్త ఫర్నేస్ అంటుకుంది. నేలలో ఉన్న జాలీల్లోంచి వెచ్చటి గాలి లేచింది. దిమిత్రో మేజోళ్ళతో జాలీ మీద నిలబడి కళ్ళు మూసుకున్నాడు.

"ఇరేనా!" అని కిందనుంచి స్టెఫా నన్ను కేకేసింది. "కిటికీలన్నీ మూసి ఉన్నాయా చూడు. పొయ్యి మీది ఫ్యాన్ వెయ్యి. అన్ని ఫ్యాన్లూ వెయ్యి!"

"మొదలైందమ్మా పూజ," అన్నాడు దిమిత్రో, మెట్ల దగ్గరికి వెళ్ళి. "ఏమమ్మాయ్, ఫర్నేస్ పొగ గోడలోంచి పోతోంది కదా. ఇంక ధూపం దేనికి?"

"నీళ్ళ ట్యాంకు పొగ గోడలోంచి పోవట్లేదు కదా బావా."

"ట్యాంకు సంగతి నిన్నెవరడిగారు?"

నేను ఫ్యాన్లు వేసి కిందికి దిగాను.

నీళ్ళు కాచే ట్యాంకు పాత ఇటుకల గొట్టానికే తగిలించి ఉంది. ఇన్నాళ్ళూ పాత ఫర్నేస్ ఆ గొట్టాన్ని వేడిగా ఉంచేది. దానితోపాటు ట్యాంకు పొగ కూడా పైకి పోయేది. ఇప్పుడు ఫర్నేస్ తన దారి తాను చూసుకుంది. అంత వెడల్పాటి చల్లటి గొట్టానికి ట్యాంకు ఒక్కటే మిగిలింది.

ట్యాంకు కింద మంట వెలుగుతోంది. దాని నెత్తిన టోపీలా ఉన్న రేకు అంచున స్టెఫా అగరవత్తి పట్టుకుంది. పొగ ఒక్కక్షణం నిటారుగా నిలబడింది. తరువాత తల తిప్పి ఆమె ముఖం మీదకి వచ్చింది.

"ఫ్యాన్ ఆపించు," అంది.

పైకి కేకేసి దిమిత్రోతో ఆపించాను. పొగ ఎటూ పోకుండా ఆగింది. మళ్ళీ వేయించాను. మళ్ళీ గదిలోకి తిరిగింది.

మా ఊళ్ళో అప్పటికింకా గ్యాస్ అలారాలు రాలేదు. ఆ పొగలో ఉండే విషవాయువుకి రంగూ లేదు, వాసనా లేదు. పడుకున్నవాళ్ళు లేవరు, అంతే. ఈ సంగతి అందరికీ తెలుసు. అది తమ ఇంట్లో ఉంటుందని మాత్రం ఎవరూ అనుకోరు.

స్టెఫా లేచి గోడవారగా నడిచింది. ఫ్యాన్లు లాగేసిన గాలికి బదులు బయటి గాలి లోపలికి రావడానికి పెట్టిన లావుపాటి గొట్టం అక్కడ వేలాడుతోంది. దాని నోటి దగ్గర అరచెయ్యి పెట్టింది. గాలి లేదు. మోచేతిదాకా లోపలికి దూర్చి లాగింది. లోపల ఉన్నిమేజోళ్ళు దట్టించి చుట్టిన పాత కోటు చెయ్యి ఒకటి ఊడి వచ్చింది. దాని వెనకే చలిగాలి రివ్వుమని కొట్టింది.

దిమిత్రో మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

"ఎప్పుడు కుక్కావు బావా?"

"చలికాలం మొదట్లో. కాళ్ళ మీదకి కొడుతుంటే ఏం చెయ్యమంటావు? బయట నక్కలు కూడా గడ్డకట్టే చలి. అంత చలిని ఇంట్లోకి రమ్మని కన్నం పెట్టినవాణ్ణనాలి."

"పెట్టింది మీ తమ్ముడు."

స్టెఫా మళ్ళీ ట్యాంకు దగ్గర కూర్చుని పొగ పట్టింది. ఈసారి కొంత నయం. కానీ వంటింటి ఫ్యాన్ వేస్తే పొగ ఇంకా గదిలోకే వస్తోంది.

"ఈ పాత గొట్టంలోకి సన్నటి రేకు గొట్టం దించాలి. అది డాఫిన్ పట్నంలో దొరుకుతుంది. పొద్దువాలిపోతోంది, ఈ మంచులో ఇప్పుడు పైకప్పు ఎక్కలేను. రేపు వస్తా." అంటూనే ఆమె ట్యాంకుకి వచ్చే గ్యాస్ కట్టేసింది. రెంచీతో గ్యాస్ గొట్టంలో ఒక ముక్క విప్పి, కొసకి బిరడా బిగించి, సబ్బునీళ్ళు రాసింది.

"ఏం చేస్తున్నావు?" దిమిత్రో గొంతు లేచింది. "నాదియా దారిలో ఉంది. దానికి కావాల్సిందల్లా కాసిని వేడినీళ్ళు! ఈ ఒక్క రాత్రికి ఫ్యాన్ వెయ్యం. సరేనా?"

"నాకు మాటిస్తావు. రేపు ఎవరో ఉల్లిపాయలు వేయిస్తారు, ఫ్యాన్ వేస్తారు."

"నువ్వు అటు వెళ్ళగానే నేనే బిగించుకుంటా. నాకు చేతకాదనుకున్నావా?"

"చేతనవును. అందుకే ఈ ముక్క నాతో తీసుకెళ్తున్నా."

"మా తమ్ముడే ఉంటేనా..."

"ఉంటే ఆయనా ఇదే చేసేవాడు. నాకంటే మెత్తగా చెప్పేవాడు, అంతే తేడా."

"అయితే నువ్విక నా గడప తొక్కొద్దు. డాఫిన్ నుంచి ఇంకెవడినైనా పిలుచుకుంటా."

"పిలువు. వాడినీ పొగ పట్టి చూడమను." స్టెఫా ఇనుపముక్కని జేబులో వేసుకుని సంచీ సర్దుకుంది. పావ్లో పోయాక ఆమెకి తన మనుషులంటూ ఉన్నది ఈ ఇంటివాళ్ళే.

ఆమె బూట్లు వేసుకుంటుండగా కారు వచ్చింది.

నాదియాని మేం నలుగురం కలిసి లోపలికి తెచ్చాం. ఆమె కుర్చీలో కూర్చుని, చుట్టూ చూసి, వెచ్చగా ఉందే అంది. తలకి కట్టుకున్న రుమాలు విప్పుతూ, "నీళ్ళు కాగాయా?" అని అడిగింది.

"నీ తోడికోడల్ని అడుగు," అన్నాడు దిమిత్రో. "ట్యాంకు పీక కోసి జేబులో వేసుకుంది."

నాదియా స్టెఫా వైపు చూసింది.

"గొట్టం పెద్దది, ట్యాంకు చిన్నది అక్కా. పొగ పైకి ఎక్కట్లేదు. గదిలోకి వస్తోంది," అంది స్టెఫా. కోటు చెయ్యి సంగతి ఎత్తలేదు.

"గదిలోకి వస్తే ఏమవుతుంది?"

"తలనొప్పి పుడుతుంది. కడుపులో తిప్పుతుంది. కాళ్ళు తేలిపోతాయి. ఇంకా పీలిస్తే నిద్రొస్తుంది."

నాదియా రుమాలు మడత పెట్టింది. విప్పి మళ్ళీ మడత పెట్టింది.

"సోమవారాలు నాకు అలాగే ఉండేది," అంది. "కింద బట్టలు ఉతికిన రోజంతా. మెట్లెక్కి రాలేక ఒకసారి కింద మెట్టు మీదే కూర్చుండిపోయా. వయసనుకున్నాను. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ ఒక్కసారి తల నొయ్యలేదు. తుంటి నొప్పి ముందు తలనొప్పి తెలియట్లేదేమో అనుకున్నా."

"నాకు చెప్పలేదేం?" అన్నాడు దిమిత్రో.

"చెప్తే? ఒకనాడు ఓర్చుకోలేక కిటికీ తీస్తే, నువ్వే వచ్చి మూశావు. మూసి, తిట్టావు కూడా."

బోర్ష్ట్ పొంగబోతుంటే నేను మంట తగ్గించాను. దిమిత్రో గోడకి ఆనుకుని, అరచేతులు రెండూ చూసుకుంటున్నాడు.

"కింద గాలి గొట్టంలో కోటు చెయ్యి కుక్కాను. నేనే," అన్నాడు చివరికి.

నాదియా ఆయన వైపు తిరిగింది. "ఏ కోటుది? ఆ గోధుమరంగుదా?"

"ఆ."

"దాన్ని చర్చి సంతకి ఇద్దామని ఇల్లంతా వెతికాను కదయ్యా! ఒక చెయ్యే ఉన్న కోటు ఎవడు కొంటాడు?"

ముందు నవ్వింది మా వాసిల్. తరువాత నాదియా. దిమిత్రో నవ్వలేదు. బూట్లు తొడుక్కుని, కొట్టంలోంచి మీగడ పోసే పాత క్యాన్లు తీసి, మంచు మీద లాగే స్లెడ్జి బండి మీద పెట్టుకుని, మా ఇంటి వైపు నడిచాడు. వాళ్ళ పొయ్యి మీద బోర్ష్ట్ ఉంది కనుక, మా ఇంట్లో ఉన్న గిన్నెలన్నిటిలోనూ నీళ్ళు కాచాడు. క్యాన్లకి దుప్పట్లు చుట్టి లాక్కొచ్చాడు. నాదియా మెడ వంటింటి సింకు అంచున ఆన్చి, స్టెఫా ఆమెకి తల రుద్దింది. దిమిత్రో చెంబుతో పోశాడు.

"వేడిగా ఉందా?" అని ప్రతి చెంబుకీ అడిగాడు.

"పొయ్యవయ్యా బాబూ," అంది నాదియా.

మర్నాడు స్టెఫా డాఫిన్ వెళ్ళి రేకు గొట్టం తెచ్చింది. గడప తొక్కొద్దన్న మాట ఎవరూ ఎత్తలేదు. పైకప్పు మీద మంచు గీకి, పాత గొట్టంలోకి దాన్ని దించుతున్నంతసేపూ దిమిత్రో కింద నిచ్చెన పట్టుకున్నాడు. వాసిల్ తాను పట్టుకుంటానన్నా వదల్లేదు. తరువాత ఆమె తీసిన ముక్క మళ్ళీ బిగించి, సబ్బునీళ్ళు రాసి, ట్యాంకు వెలిగించింది. ఫ్యాన్లన్నీ వేయించి పొగ పట్టింది. పొగ రేకు కిందినుంచి వంగి లోపలికి లాక్కుపోయింది.

అక్కడితో వెళ్ళిపోవచ్చు. ఆమె వెళ్ళలేదు. ఒక బకెట్ బోర్లించి ట్యాంకు ముందు కూర్చుంది. దిమిత్రో వెతికి ఇంకో బకెట్ తెచ్చి, పక్కన బోర్లించి కూర్చున్నాడు. నేను కాఫీ తీసుకుని దిగేసరికి ఆమె ఇంకో అగరవత్తి వెలిగిస్తోంది.

"ఇంకా ఎంతసేపు?" అన్నాడు దిమిత్రో.

"తొందరుంటే పైకి వెళ్ళు బావా."

"నాకేం తొందర?"

ఆమె అగరవత్తిని ఆయన చేతికిచ్చింది. ఆయన ఊపిరి బిగబట్టి, చూపు ఆనక కళ్ళు చికిలించి, రేకు అంచుకి దగ్గరగా పట్టుకున్నాడు.

"చలి లోపలికొస్తోంది!" అని పైనుంచి నాదియా అరిచింది. "ఆ ఫ్యాన్లు ఆపనా?"

"ఉండనీ!" అని కిందనుంచి ఇద్దరూ ఒకేసారి అరిచారు.