భావి తరాలకు వేపకొమ్మ

మొక్కలు నాటిన రోజున నేను పిల్లలకు చెప్పకుండా దాచిన మాట ఒకటుంది. ఉదయగిరి దగ్గర నేను హెడ్మాస్టరుగా ఉన్న బడికి ఆత్మకూరు నుంచి రావాల్సిన మొక్కలు ఆ రోజు రానేలేదు. పెద్దమనుషులు అప్పటికే ఫొటోకి నిలబడ్డారు. నేను బడి వెనక వేపకొమ్మ విరుచుకొచ్చి గుంతలో గుచ్చాను. పక్కనే 'భావి తరాలకు మా కానుక' అని బోర్డు పెట్టాం.

రెండో తరగతి పాప ఒకతె దానికి కాపలా కాసింది. ఆకులన్నీ రాలిపోయాక ఎండ తగలకుండా గొడుగు పట్టింది. ప్రార్థనలో అందరి ముందూ ఆ పాపను మెచ్చుకున్నాను. కొమ్మకు సైకిలు ఆనించిన పిల్లవాణ్ని తిట్టాను కూడా.

ఎండలు ముదిరి బడికి నీళ్ల ట్యాంకరు రావడం తగ్గింది. ఒక మధ్యాహ్నం ఆ పాప తాను తాగడానికి తెచ్చుకున్న సీసా మొత్తం ఆ ఎండు పుల్లకు పోస్తూ కనిపించింది. పెదవులు పగిలి ఉన్నాయి.

"నువ్వు తాగవా?" అన్నాను.

"నేనైతే ఇంటికి పోయి తాగతా సార్. అది యాడికి పోతాది?"

గుంత పక్కన కూలబడి, కొమ్మను పెరికి, విరిగిన మొన చూపించాను.

"దీనికి వేర్లు లేవమ్మా. విరిచి గుచ్చింది నేనే. నీ నీళ్లన్నీ దండగ చేయించినాను. తప్పు నాది, నన్ను మన్నించు తల్లీ" అన్నాను.