వాగు కోసం కొన్న కారు

మార్కాపురంలో మా వీధిలోకి జాఫర్ కారు వచ్చిన రోజు దాన్ని తిప్పడానికే అరపూట పట్టింది. ఎత్తయిన బండి, ఏడుగురు కూర్చునే బండి. మా వీధిలో రెండు బైకులు ఎదురుపడితేనే ఒకటి గోడకు ఒరగాలి. కుళాయి దగ్గర బిందెలు తీయించి, ఎవరిదో అరుగు అంచు రాసుకుంటూ, చివరికి వెనక్కే బయటికి నడిపించారు. అప్పటినుంచి అది వీధి మొదట్లో, పలకల గోడౌను గోడ పక్కన ఉంటోంది.

ఇంట్లో ఉండేది ఇద్దరే, జాఫరూ ఆయన భార్య అక్తర్ బేగమూ. ఒక్కగానొక్క కూతురు ఇర్ఫానా పెళ్ళయి కనిగిరిలో ఉంది. జాఫర్ దుకాణానికి నడిచే వెళతాడు. ఆటోలకూ కార్లకూ సీట్లు కుట్టడం ఆయన పని. చిరిగిన రెక్సిన్ విప్పి, అణిగిపోయిన ఫోము మార్చి, కొత్త తొడుగు బిగువుగా లాగి కుడతాడు. మనిషి ఎక్కువ మాట్లాడడు. నోట్లో దారం పోగు ఉంటే అసలే మాట్లాడడు. అట్లాంటి మనిషి ఊరందరూ మాట్లాడుకునే పని చేశాడు.

ఆటో నడిపే కోటి ఆ సాయంత్రమే దుకాణం ముందు ఆగాడు.

"జాఫర్ మామా, ఇద్దరు మనుషులకు ఏడు సీట్లేంది? వంతులేసుకొని కూర్చుంటారా?"

"ఒకదాంట్ల నిన్ను కూర్చోబెడతా. నోరు కుట్టేసి."

"కుట్టు, కుట్టు. ఆ పనయితే నీకు బాగా వచ్చు."

జాఫర్ నవ్వాడు. అంత పెద్ద బండి ఎందుకు కొన్నాడో మాత్రం చెప్పలేదు. చెప్పాలంటే చాలా ఏళ్ళ వెనకటి ఒక వాన గురించి చెప్పాలి.

అక్తర్ బేగం పుట్టిల్లు యర్రగొండపాలెం దాటాక, నల్లమల అంచున ఒక చిన్న పల్లె. పల్లెకు ముందు వాగు ఉంది. ఏడాదిలో ఎక్కువ రోజులు దానిలో ఇసుకే. ఇర్ఫానా ఇంకా బడికి పోయే రోజుల్లో, ఒక వానాకాలం తెల్లవారుజామున అక్తర్ బేగం తండ్రి పోయాడని కబురు వచ్చింది. జాఫర్ దొరికిన చిన్న కారు బాడుగకు మాట్లాడి భార్యనూ కూతుర్నీ ఎక్కించుకుని బయలుదేరాడు. వాగు మధ్యలో నీళ్ళు బండి అడుగుకు తగిలి ఇంజను ఆగిపోయింది. ముగ్గురూ దిగి, డ్రైవరుతో కలిసి బండిని వెనక్కి తోశారు. నీళ్ళు పెరుగుతూనే ఉన్నాయి. వాళ్ళు ఒడ్డున నిలబడి ఉండగానే ఎవరిదో ఎత్తయిన జీపు ఒకటి వచ్చి, ఒక్క క్షణం ఆగి, నీళ్ళు చీల్చుకుంటూ అవతలికి వెళ్ళిపోయింది. జాఫర్ చెయ్యి ఊపాడు. లోపలివాళ్ళు చూశారో లేదో తెలియదు.

మధ్యాహ్నం జొహర్ నమాజు కాగానే అవతల శవాన్ని తీసేశారు. మట్టి చేయడం ఆలస్యం చేయకూడదు. నీళ్ళు తగ్గి వీళ్ళు చేరేసరికి పొద్దు వాలింది. జాఫర్ కబరస్తానుకు వెళ్ళి కొత్త మట్టి మీద పిడికెడు మట్టి వేసి వచ్చాడు. ఆడవాళ్ళు అక్కడికి వెళ్ళరు. అక్తర్ బేగం పెరట్లో, తండ్రికి చివరి స్నానం చేయించిన చోట ఇంకా తడిగా ఉన్న నేల చూసింది. ఆమెకు మిగిలింది అంతే.

ఆమె భర్తను ఒక్క మాట అనలేదు. ముందే ఎందుకు బయలుదేరలేదనీ, ఆ డొక్కు బండి ఎందుకు మాట్లాడావనీ ఆ రోజు అనలేదు, ఆ తర్వాతా అనలేదు. ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించి అన్నం వండింది. ఆ మౌనం జాఫర్ లోపలికి దిగి అక్కడే ఉండిపోయింది.

తరువాత ఏ కారు సీట్లకు వచ్చినా ఆయన ముందు కిందికి వంగి అడుగు చూసేవాడు. నేలకూ బండికీ మధ్య జానెడు ఉందా, జానా బెత్తెడు ఉందా అని చేత్తో కొలిచేవాడు. బండ్లవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. "సీటు పైనుంది భాయ్, కిందేం వెతుకుతావు?" అనేవాళ్ళు. ఆయన కూడబెట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఈలోగా ఇర్ఫానా పెళ్ళి అయింది. అక్తర్ బేగం మోకాళ్ళు అరిగిపోయాయి. వాగు మీద బ్రిడ్జి కూడా పడింది.

బ్రిడ్జి సంగతి కోటి ఆయనకు కారు కొనకముందే చెప్పాడు. "ఇప్పుడు స్కూటీ వేసుకొని కూడా పోవచ్చు మామా. అంత ఎత్తు బండి దేనికి?"

"బ్రిడ్జి కొట్టుకపోతే?"

"నిన్నగాక మొన్న కట్టినారు. అప్పుడే ఎట్ల కొట్టుకపోతది?"

"పోతే?" అని మళ్ళీ అడిగాడు జాఫర్. జాఫర్ మరుసటి నెల ఒంగోలు వెళ్ళి కారు తెచ్చాడు. కొనేముందు సీట్లు ఒత్తి చూశాడు, కుట్లు చూశాడు, కింద చెయ్యి పెట్టి కొలిచాడు. భార్యను తీసుకెళ్ళాలని ఆయనకు తోచలేదు. బండి చూడటానికి ఆడవాళ్ళను తీసుకుపోవడం మా వైపు ఏ ఇంట్లోనూ అలవాటు లేదు.

ఇంటి ముందుకు తెచ్చాక ఫాతెహా చదివించి, వీధిలో అందరికీ బూందీ పంచారు. తర్వాత జాఫర్ ముందు తలుపు తీసి పట్టుకుని, "ఎక్కు" అన్నాడు. అక్తర్ బేగం ఒక చేత్తో బురఖా అంచు ఎత్తి, ఒక కాలు మెట్టు మీద పెట్టింది. రెండో కాలు నేల విడవలేదు. వీధి వీధంతా చూస్తోంది. ఆమె మెల్లగా కాలు దించేసి, "తల తిరుగుతాంది. రేపు పోదాంలే" అంది.

ఆ రేపు రాలేదు. కూతురింటికి పోదామంటే ఎండ అంది. పల్లెలో తల్లిని చూసి వద్దామంటే, "మొన్ననే కదా ఫోన్లో మాట్లాడినా" అంది. జాఫర్ రోజూ పొద్దున కారు తుడిచి, ఒకసారి ఇంజను ఆన్ చేసి, ఆపి, దుకాణానికి నడిచి వెళ్ళేవాడు.

ఎదురింట్లో ఉండే మా అమ్మ విజయకు మాత్రం ఆమె నిజం చెప్పింది. "అంత ఆశగా తెచ్చుకున్నాడు విజయా. నేను ఎక్కలేనని ఎట్ల చెప్పేది?"

"చెప్తే ఏమైతది వదినా? పీట వేస్తాడు."

"పీట మీంచి పైకి లాగేది ఎవరు? ఆయన నడుముకు ఆపరేషనాయె. ఇంకొకరితో ఎత్తించుకొని నడిబజార్లో కారెక్కాల్నా?"

అటు దుకాణంలో జాఫర్, కోటి ఆటో సీటు కుడుతూ ఒకరోజు అన్నాడట. "మీ అత్త నా కారెక్కదురా. వాళ్ళ నాయన మొగం చూపించలేదని ఇంకా మనసులో పెట్టుకుంది. నేనైనా అంతే."

ఈ ఏడు వానలు మొదలైన వారంలోనే పల్లె నుంచి అక్తర్ బేగం తమ్ముడు నౌషాద్ ఫోన్ చేశాడు. తల్లి తెల్లవారుజామున పోయింది. జొహర్ నమాజు తర్వాత తీస్తారు.

జాఫర్ చెప్పుల్లేకుండా వీధి మొదటికి పరుగెత్తి కారును రోడ్డు వైపు తిప్పి, ఇంజను ఆపకుండా తలుపు తెరిచి నిలబడ్డాడు. వాన పడుతోంది. అక్తర్ బేగం మా అమ్మ భుజం పట్టుకుని వచ్చింది. కాలు మెట్టు మీద పెట్టింది. జాఫర్ వెనకనుంచి ఆమెను ఎత్తబోయాడు. నడుము పట్టేసి అట్లే వంగిపోయాడు. ఆమె తడి మెట్టు మీంచి జారి మా అమ్మ మీద పడింది. పక్క దుకాణాల్లోని మగవాళ్ళు సాయానికి రాబోయారు.

"వద్దు," అంది అక్తర్ బేగం. "ఎవరూ ముట్టుకోవద్దు నన్ను."

కోటి ఆటో అక్కడే ఉంది. ఆమె దాని దగ్గరకు నడిచి, వీపు తిప్పి, మెల్లగా సీటు మీద కూర్చుని, కాళ్ళు లోపలికి తీసుకుంది. ఒకరి సాయం అవసరం రాలేదు.

జాఫర్ వానలో నిలబడి చూశాడు.

"మోకాళ్ళా?" అన్నాడు.

"మోకాళ్ళే."

"ఇన్ని రోజులూ మోకాళ్ళేనా?"

"పొద్దు పోతాంది," అంది ఆమె. "కోటీ, పోనీరా."

మా అమ్మ ఆమె పక్కన ఎక్కింది. జాఫర్‌ను కూడా రమ్మన్నారు. ఆయన తల అడ్డంగా ఊపాడు. "వాగు పొంగితే ఆటో ఆగిపోతది. అప్పుడు కారు కావాల," అని పోయి ఒక్కడే కారెక్కాడు.

దారంతా అట్లాగే వెళ్ళారు. ముందు ఆటో, దాన్ని దాటి పోగలిగీ దాటకుండా వెనక కారు. యర్రగొండపాలెం దాటాక వాన తగ్గింది. బ్రిడ్జి కింద వాగు ఎర్రగా, తన దారిన తాను పోతోంది. ఆటో ఆగకుండా దాటింది. కారు మాత్రం బ్రిడ్జికి ముందు కాసేపు ఆగి, తర్వాత వచ్చిందని మా అమ్మ చెప్పింది.

నమాజుకు ఇంకా సమయం ఉండగానే చేరారు. నౌషాద్ భార్య గుడ్డ పక్కకు తీసింది. అక్తర్ బేగం తల్లి మొహం తనివితీరా చూసింది. చెంపలు నిమిరింది. జాఫర్ వాకిట్లో మగవాళ్ళ మధ్య నిలబడి లోపలి ఏడుపు విన్నాడు. ఆ తర్వాత జనాజా మోయడానికి భుజం పట్టాడు. నడుము నొప్పి సంగతి ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం ఆయన వాకిట్లో ఆపిన కారు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె గోడ పట్టుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది. వాళ్ళిద్దరూ ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుంటారు. పక్కన మా అమ్మ ఉన్నందుకో ఏమో, తెలుగులోనే మాట్లాడుకున్నారు.

"మా నాయన పోయిన పొద్దు నిన్ను ఏమన్నా అన్నానా నేను?"

"అనలే."

"మరి?"

"అనుంటే బాగుండేది," అన్నాడు జాఫర్. "నాలుగు తిట్లు తిట్టి ఉంటే, ఇది కొనేవాణ్ణి కాదేమో."

"నేను ఏడ్చింది మా నాయన కోసం. నీ మీద కోపంతో కాదు."

"నాకెట్ల తెలుస్తది? నువ్వు చెప్పలే."

"నువ్వు అడగలే."

లోపల ఎవరో పడకలు తీసి నేల కడుగుతున్నారు. కోటి చీకటి పడకముందే బయలుదేరదామని ఆటో దగ్గరనుంచి పిలిచాడు.

జాఫర్ లేచాడు. "నువ్వు ఆటోలో పద. నేను ముందు పోయి, వాగు దగ్గర నీళ్ళు ఎట్లున్నాయో చూస్తా. పొంగుంటే ఆటోను ఆపుతా."

"నెమ్మదిగా పో," అంది అక్తర్ బేగం. "ఈ దారిలో ఇంక మనం తొందరగా పోవాల్సింది ఎవరి కోసం?"