లెక్కలోకి రాని పోతు

పులితో నాకున్న పరిచయం పులిహోర వరకే. బొద్దింక కనిపిస్తే కుర్చీ ఎక్కి, ఇంటావిడను కేకేసే రకం. అలాంటి నేను ఒక ఉగాది నాడు వేటకు బయలుదేరానంటే దానికి కారణం నా గుండె కాదు, నా కళ్ళు. క్రైస్ట్‌చర్చ్‌లో భూకంపం తర్వాత లేచిన ఇళ్ళనూ, పడకుండా మిగిలిన ఇళ్ళనూ తనిఖీ చెయ్యడం నా ఉద్యోగం. పైకప్పు ఎక్కడ కుంగింది, గోడ ఎక్కడ బీటలిచ్చింది అని రోజంతా చూస్తూనే ఉంటాను. మా వీధి చివర ఉండే అంకుల్‌కి సరిగ్గా అలాంటి కళ్ళే కావలసి వచ్చాయి.

అంకుల్ ఫిజీలో పుట్టినవారు. చెరకు తోటల్లో పనికని ఓడెక్కి వెళ్ళిన తెలుగువాళ్ళ వంశం. అక్కడ బడిలో లెక్కలు చెప్పి, తర్వాత కుటుంబంతో ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు. ఆయన తెలుగు వాళ్ళ అవ్వ దగ్గర నేర్చుకున్నది. అందులో మనం ఎప్పుడో మరిచిపోయిన మాటలుంటాయి, మనకు అస్సలు తెలియని హిందీ కూడా ఉంటుంది. కొండల్లో వేట మాత్రం ఇక్కడికొచ్చాకే అబ్బింది. ఏటా ఆయన తెచ్చే మాంసంతో మా వీధిలో సగం ఫ్రీజర్లు నిండేవి.

కానీ అదంతా లేడి మాంసమే, ఆడ దుప్పులది. ఆయన అంతవరకు ఒక్క పోతును, అంటే మగ దుప్పిని, కొట్టలేదు.

ఎందుకంటే ఆయన వేటాడే కొండలు ఒక గొర్రెల ఫారానివి. దాని యజమానురాలు, డెబ్భై దాటిన, ఇక్కడే పుట్టి పెరిగిన కివీ ఆవిడ, తన కొండల మీద తిరిగే ఎర్ర దుప్పుల మందను ఒక పద్ధతిలో పెట్టుకొచ్చింది. ఈ దేశంలో పులి లేదు, తోడేలు లేదు. ఎవరో ఓడల్లో తెచ్చి వదిలిన దుప్పులు పిల్లలు పెట్టుకుంటూ పోయి అడవిని మేసేస్తాయి. కాబట్టి పులి చెయ్యాల్సిన పని మనిషి చెయ్యాలి. లేళ్ళను తగ్గించండి, ఎన్నయినా కొట్టుకోండి అంటుంది ఆవిడ. మగవాటి దగ్గరకొచ్చేసరికి మాత్రం గట్టి షరతు. కొమ్ముకు కొమ్మల్లా వచ్చే మొనలు రెండు వైపులా కలిపి పన్నెండు ఉంటేనే తుపాకి ఎత్తాలి. అంతకన్నా తక్కువుంటే అది ఇంకా ఎదుగుతోందని లెక్క, దాన్ని వదిలెయ్యాలి. పైగా తుపాకి పట్టినవాడు మొనలు లెక్కపెట్టకూడదు. పక్కన ఇంకొకరు దుర్భిణీలోంచి చూసి అంకె చెప్పాలి. ట్రిగ్గర్ మీద వేలున్నవాడి కంటికి తొమ్మిది కూడా పన్నెండులా కనిపిస్తుందని ఆవిడ అనుభవం.

ఆ ఏడు ఆవిడ అంకుల్‌కి ఒక్క పోతుకి అనుమతి ఇచ్చింది. అంకుల్‌కి తుంటి కీలు అరిగిపోయింది. చలికాలంలో ఆపరేషన్. ఆ తర్వాత కొండలెక్కేది లేదని ఆంటీ తేల్చి చెప్పేశారు.

"ఒక్కటి చాలు నాకు," అన్నారు అంకుల్, మా ఇంటికొచ్చి టీ తాగుతూ. "ఇన్నేళ్ళూ ఆడవాటినే కొట్టినాను బాబూ. వొక్కసారి మొగోడికి ఎదురుగా కూర్చోవాల. నువ్వు లెక్క చెప్పు, అంతే. నీకు తుపాకి ఇవ్వనులే, భయపడబాకు."

"భయం నాకు కాదు అంకుల్, దుప్పికి," అన్నాను.

"దానికెందుకు? నువ్వొస్తన్నావంటే అది ధైర్యంగా నిద్ర పోతాది."

ఇక్కడ ఉగాది ఆకులు రాలే కాలంలో వస్తుంది. కోయిల కూయదు. ఆ రోజుల్లోనే కొండల్లో పోతులు జతల కోసం గర్జిస్తాయి. మనకు కొత్త సంవత్సరం, వాటికి స్వయంవరం. ఆదివారం పొద్దున నేను బూట్లు వేసుకుంటుంటే మా ఆవిడ నూనె గిన్నెతో అడ్డం నిలబడింది.

"పండగ పూట తలంటుకోకుండా వేటకి పోతారా? పాపం చేసేదెలాగూ చేస్తారు, స్నానం చేసి చెయ్యండి."

నువ్వుల నూనె, శీకాయ. ఆ పైన, ఉన్న నాలుగు వెంట్రుకలూ ఆరడానికి సాంబ్రాణి పొగ. కారెక్కగానే అంకుల్ కిటికీ దించారు. ఆయనేమో వారం నుంచి సబ్బు మానేసి, బట్టల్ని పెరట్లో గడ్డి మీద ఆరేసుకున్న మనిషి.

"యేంది బాబూ, గుడికి పోతన్నామా?"

"ఉగాది కదా అంకుల్."

"దుప్పికి తెలీదు కదా ఉగాదని." కాసేపు నవ్వారు, తర్వాత నవ్వలేదు. "గాలి మనవైపు వీస్తే బతికినాం. లేకుంటే నీ సాంబ్రాణే మనకన్నా ముందు పోయి వాటికి పండగ శుభాకాంక్షలు చెప్తాది."

మధ్యాహ్నం ఫారం నుంచి నడక మొదలుపెట్టాం. ఆయన కర్ర ఊతంతో, ప్రతి మలుపులోనూ ఆగుతూ ఎక్కారు. నేను ఏ ఊతమూ లేకుండా, ప్రతి మలుపులోనూ ఆగుతూనే ఎక్కాను. లోయ కనిపించే ఒక రాతి గట్టు మీద బోర్లా పడుకున్నాం. కింద పసుప్పచ్చ గడ్డి, నడుమ రాళ్ళ వాగు, అవతలి వాలు మీద బీచ్ అనే ఇక్కడి అడవి చెట్ల నలుపు. గాలి మా ముఖం మీదకు వీస్తోంది. అంకుల్ చిటికెడు ఎండుగడ్డి తుంచి వదిలి చూసుకుని తృప్తిగా తలూపారు.

పొద్దు వాలుతుండగా మొదటి గర్జన వినిపించింది. నిజానికి అది చెవికి వినిపించలేదు. నేను పడుకున్న రాయికి వినిపించింది, రాయి నా పొట్టకు చెప్పింది. సింహానికీ ఎద్దుకూ పుట్టినట్టున్న ఆ గొంతు లోయ ఆ చివర మొదలై, మా కింద నుంచి దొర్లుకుంటూ పోయి ఈ చివర ఆగింది. పక్కన అంకుల్ కళ్ళు మూసుకుని ఉన్నారు.

చెట్ల అంచు నుంచి అది బయటికి వచ్చింది. ముందు లేళ్ళు, వాటి వెనక అది. ఎండ వెనక నుంచి పడి కొమ్ముల చివరలు తెల్లగా మెరుస్తున్నాయి. ఏటా రాలిపోయి, మళ్ళీ కొన్ని నెలల్లో అంత చెట్టు తల మీద మొలుస్తుందంటే పుస్తకంలో చదివినప్పుడు నమ్మాను కానీ, చూసినప్పుడు నమ్మలేకపోయాను. దుర్భిణీ సర్దుకుని ఒక వైపు లెక్కపెట్టాను, రెండో వైపు లెక్కపెట్టాను. మళ్ళీ మొదటి వైపు.

"పన్నెండు, అంకుల్," అన్నాను.

"నిజమా?"

"ఆరూ ఆరూ."

ఆయన చెంప తుపాకికి ఆన్చారు. భుజం నిలకడగా ఉంది. నేను దుర్భిణీ తియ్యలేదు. నా పని అయిపోయింది, ఇక నోరు మూసుకోవాలి. కానీ కళ్ళకు అలవాటైన పని అంత తొందరగా ఆగదు. ఆ పోతు వీపు గీత గీసినట్టు తిన్నగా ఉంది. పొట్ట లోపలికి లాగి ఉంది. మెడ ఇంకా సన్నం. తెలియకుండానే పైకి అనేశాను.

"కొత్తిల్లులా ఉంది, అంకుల్. ఎక్కడా కుంగలేదు."

తుపాకి కదలలేదు. గొంతు మాత్రం వచ్చింది.

"యేమన్నావ్?"

"ఏం లేదు. పన్నెండున్నాయి. రూలు ప్రకారం సరిపోయింది."

"వీపు?"

"తిన్నగా."

"పొట్ట?"

"జారలేదు."

ఆయన వేలు ట్రిగ్గర్ మీద నుంచి పక్కకు జరిగింది. "నోరు మూసుకోని ఉంటే కొట్టేవాణ్ణి కద బాబూ," అన్నారు, విసుగూ నవ్వూ కలిసిన గొంతుతో. "పిల్లోడు. ఈ వయసుకే పన్నెండు తెచ్చుకున్నాడంటే ఇంకా యేమేం తెస్తాడో. రూలుకి కొమ్ములే కనపడతాయి. మంచోణ్ణి ముందు కొట్టమంటాది."

"మరి ఇంకోటి వస్తుందా?"

"రాకపోతే రాదు."

ఆ మాట తేలిగ్గానే అన్నారు, కానీ చెయ్యి తుంటి మీదకు పోయింది. చీకటి పడడానికి ఎంతో సమయం లేదు. మళ్ళీ ఈ గట్టు ఎక్కగలనో లేదోనని ఆయన, ఎందుకు నోరు జారానా అని నేను, ఒకరి వైపు ఒకరం చూసుకోకుండా పడుకున్నాం.

అప్పుడే గాలి తిరిగింది. నా మాడు మీద చల్లగా తగిలి, నూనె వాసనను మోసుకుని లోయలోకి దిగింది. కింద ఒక ముసలి లేడి తలెత్తి కుక్కలా ఒక్క అరుపు అరిచింది. మంద మొత్తం బిగుసుకుంది. అంకుల్ పళ్ళ బిగువున నా అత్తవారి వంశాన్ని ఏదో అన్నారు, హిందీలో.

మా గట్టు కిందే, వాగు ఇవతల ముళ్ళ పొదల మధ్య నేనింతసేపూ బండ అనుకున్నది లేచి నిలబడింది.

అది గర్జించలేదు. ఇంతసేపూ మా కాళ్ళ కింద, అంత దగ్గర్లో, ఊపిరి కూడా వినిపించకుండా పడుకుని ఉంది. లేవడానికి దానికి సమయం పట్టింది, ముందు వెనక కాళ్ళు, తర్వాత ముందువి. మెడ ఎద్దు మూపురమంత. బురద పట్టిన జూలు. కొమ్ములు మొదట్లో నా మోచెయ్యంత లావు, పైకి పోయేకొద్దీ మొనలు కురచై, మొద్దుబారి, ఒకవైపు కొస అసలు లేదు. వీపు చూశాను. పాత ఇళ్ళ పైకప్పు నడిమి దూలం వంగినట్టు మధ్యలో దిగిపోయి ఉంది, పొట్ట కిందికి వేలాడుతోంది. అది మా వైపు చూసింది. దాని చూపులో భయం లేదు. తన కొండ మీద పరాయి వాసన ఏమిటా అన్న విసుగు మాత్రం ఉంది. నా జీవితంలో అంత పెద్ద ప్రాణి నన్ను అంత తీరిగ్గా చూడడం అదే మొదటిసారి.

"ఎన్ని?" అన్నారు అంకుల్ ఊపిరితో.

ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. కొట్టవలసింది ఇదే. ఇక ఎదగడం లేదు, తగ్గుతోంది. నేను పన్నెండు అంటే ఆయన గురి తప్పేవారు కాదు. ఆ దూరంలో నేనే తప్పను.

"ఎనిమిది," అన్నాను.

అంకుల్ తుపాకి పక్కన పెట్టి, గడ్డం చేతుల మీద ఆనించి చూస్తూ ఉండిపోయారు. ముసలి పోతు వాగు దాటి, మందలోంచి నడుచుకుంటూ పోయింది. పన్నెండు మొనల కుర్రవాడు తల దించి పక్కకు తప్పుకుని దారిచ్చాడు. దిగి వచ్చేటప్పుడు ఆయన ఒక చోట ఆగి, "చూసినావా మెడ," అని మాత్రం అన్నారు.

ఫారం ఇంట్లో వంటగది బల్ల దగ్గర ఆవిడ అంతా విన్నది. పన్నెండుని ఎందుకు వదిలారంటే అంకుల్ బడిపిల్లలకు చెప్పినట్టు చెప్పారు, వీపు, పొట్ట, మెడ. ఎనిమిదిని ఎందుకు వదిలారంటే, "మీ రూలు," అన్నారు.

ఆవిడ టీ కప్పు తిప్పుతూ కూర్చుంది. "ఆ పొదల దగ్గర ఎనిమిది మొనల వాణ్ణి నేనూ చూస్తూనే ఉన్నాను, చాలా కాలంగా," అంది ఇంగ్లీషులో. "ఎదుగుతాడులే అనుకుంటున్నాను."

"ఎదగడం అయిపోయింది, మేడమ్."

"అయితే వచ్చే శనివారం రండి. వాడి కోసం."

నేను అంకుల్ కాళ్ళ వైపు చూశాను. ఆయన ఆవిడ వైపే చూస్తున్నారు. "పైకి ఎక్కలేను. కింద వాగు దగ్గర కూర్చుంటాను," అన్నారు.

శనివారం నేను తలంటుకోలేదు. మా ఆవిడ అడిగితే దుప్పికి మైల లేదన్నాను. ఫారం యజమానురాలు తన బండిలో మమ్మల్ని వాగు వరకు దించి వెళ్ళింది. పొద్దు వాలే వేళకు అది అదే పొదల్లోంచి, అదే తీరిక నడకతో వచ్చింది. అంకుల్ ఈసారి ఎన్ని అని అడగలేదు. ఒక్క దెబ్బ. అది నాలుగడుగులు వేసి, కూర్చున్నట్టుగా ఒరిగింది. లోయ అంతా ఆ చప్పుడు తిరిగి తిరిగి ఆగాక, వాగు శబ్దం అంతకు ముందు కన్నా పెద్దగా వినిపించింది.

దగ్గరికి పోయి అంకుల్ కర్ర పక్కన పడేసి, కష్టపడి మోకాళ్ళ మీద కూర్చుని, దాని నుదుటి మీద అరచెయ్యి పెట్టారు. తర్వాత నెమ్మదిగా నోరు తెరిచారు.

పళ్ళు లేవు. అంటే ఉన్నాయి, కానీ చిగుళ్ళ దగ్గరికి అరిగిపోయి, నున్నగా, వాగులో రాళ్ళలా ఉన్నాయి. ఆ పళ్ళతో గడ్డి నమలడం ఇక కుదరదు. రాబోయే మంచులో ఆకలితో, ఎవరూ చూడని చోట, రోజుల తరబడి పోయేదది. అంత మెడా, అంత భుజమూ ఆ అరిగిన పళ్ళ మీద ఇన్నాళ్ళు నిలిచాయి.

బండి చప్పుడు విని ఆవిడ వచ్చిందని తెలిసింది. ఆవిడ కూడా వంగి ఆ నోట్లోకి చూసింది. వేలితో ఒక పన్ను తడిమింది. చాలాసేపు లేవలేదు.

"వచ్చే ఏడు రూలు మార్చాలి," అంది చివరికి. "మొనలే కాదు, వీపు కూడా చూడమనాలి. అదెలా చూడాలో వచ్చినవాళ్ళకు నేర్పేవాళ్ళు కావాలి. నా వంటగదిలో కూర్చుని నేర్పొచ్చు. కొండ ఎక్కక్కర్లేదు."

అంకుల్ చెయ్యి ఇంకా ఆ నుదుటి మీదే ఉంది, వేళ్ళు లావాటి కొమ్ము మొదలును చుట్టి ఉన్నాయి, చుట్టినా వాటి కొసలు కలవడం లేదు.

"బాబూ," అన్నారు నాతో. "యింత పెద్దోడి పక్కన యెప్పుడన్నా కూర్చున్నావా?"

లేదన్నాను. కూర్చున్నాను.