పోలమ్మ నేస్తరికం, ఏడో హెన్రీ విదేశాంగ నీతి

సముద్రం అవతల, బటాంగ్ బెర్జుంటై అనే ఊరి దగ్గర ఒక రబ్బరు తోటలో తెలుగు బడికి ఏకైక ఉపాధ్యాయుడైన అప్పన్న మాష్టారికి, ఇంగ్లండును ఏలిన ఏడో హెన్రీ మీద అపారమైన గౌరవం ఉండేది. అది ఊరికే వచ్చిన గౌరవం కాదు. ఆయన సీనియర్ కేంబ్రిడ్జి పరీక్షకు రెండుసార్లు ప్రైవేటుగా కూర్చుని, రెండుసార్లూ ఆ రాజుగారి విదేశాంగ నీతి దగ్గరే బోల్తాపడ్డారు. తనను రెండుసార్లు ఓడించినవాణ్ణి గౌరవించడం పెద్దమనిషి లక్షణం.

1951లో, కమ్యూనిస్టు తిరుగుబాటును అణచడానికి బ్రిటిషువాళ్ళు పెట్టిన ఎమర్జెన్సీ ఆ తోటలోకి ముళ్ళకంచె రూపంలో వచ్చింది. అడవిలోని ముఠాలకు తిండి చేరకూడదని సర్కారు అందరినీ ఒక్కచోటికి చేర్చింది. వాగు అవతలి ముప్పై రెండు తెలుగు ఇళ్ళను పెరికి తెచ్చి తమిళ కూలీల ఇళ్ళ వరసకు, అంటే తమిళ లైనుకు, ఎదురుగా నాటారు. రెండు లైన్లకూ కలిపి నీళ్ళ పంపు ఒక్కటే.

తెలుగు సేనకు నాయకురాలు పోలమ్మ. మాష్టారికి మేనత్త, ఆపైన పిల్లనిచ్చిన అత్త. ఎదుటి పక్షానికి, కూలీల మేస్త్రీ అయిన కంగాణీ అరుముగం భార్య కామాచ్చి. మొదటి వారంలోనే బిందెలు లేచాయి, మగాళ్ళు దిగారు, రెండు తలలు పగిలాయి. తోట దొర జీపులో వచ్చి తీర్పు చెప్పాడు: ఇంకొక్క గొడవ జరిగితే తెలుగువాళ్ళను లారీ ఎక్కించి నాలుగు తోటలకు పంచేస్తాడట. పంచితే బడి ఉండదు. పద్నాలుగేళ్ళుగా ఇరవై ఎనిమిది మంది పిల్లలకు అక్షరాలు దిద్దిస్తున్న మాష్టారికి ఆ బడి తప్ప వేరే రాజ్యం లేదు.

ఆయన చరిత్ర పుస్తకం తెరిచారు. హెన్రీ యుద్ధం చేసి సింహాసనం ఎక్కాడు, ఎక్కాక యుద్ధమంటే మొహం తిప్పుకున్నాడు. తన శత్రువును ఫ్లాండర్స్ వాళ్ళు వెనకేసుకొస్తే వాళ్ళతో వర్తకం మానేశాడు. మాష్టారు వెంటనే తెలుగు లైనులో ఆజ్ఞ జారీ చేశారు: కామాచ్చి ఆవు పాలు ఎవరూ కొనకూడదు.

పది రోజులు తెలుగు లైను నల్లటి టీ తాగింది. కామాచ్చి మిగిలిన పాలు తోడుపెట్టి తమిళ లైనంతటికీ మజ్జిగ పోసింది.

"ఒరే అప్పన్నా, పాలు మానీసింది మనం. బలిసింది ఆళ్ళు," అంది పోలమ్మ గ్లాసు కింద పెట్టి. "ఆ రాజుకి బుద్ధి నేదా, నీకు నేదా?"

"రాజుగారి వర్తకులు కూడా ఇలాగే ఏడిచారత్తా," అన్నారు మాష్టారు. మూడేళ్ళకు హెన్రీ కూడా రాజీపడ్డాడని ఆయనకు అప్పుడే గుర్తొచ్చింది. చల్లగా ఆజ్ఞ ఉపసంహరించుకున్నారు.

ఇక మిగిలింది వియ్యం. తన మీదికి దండెత్తిన స్కాట్లండు రాజుకే హెన్రీ కూతుర్నిచ్చి శాశ్వత శాంతి కుదుర్చుకున్నాడు. మాష్టారికి కూతుళ్ళు లేరు. ఉన్నది అత్త.

శ్రీకాకుళం వైపు ఆడవాళ్ళు నేస్తం కడతారు. దేవుడి ముందు చీరలు మార్చుకుని, ఒకరి నోట్లో ఒకరు బెల్లం పెట్టుకుంటే అది చుట్టరికం కన్నా గట్టిది. ఆనాటి నుంచి ఒకరి పేరు ఒకరు పలకకూడదు, 'నేస్తం' అనే పిలవాలి. తిట్టుకోవడమంటే మహాపాపం.

మాష్టారు కామాచ్చి దగ్గరికి వెళ్ళి, మా అత్త మీ నేస్తం కోరుతోందన్నారు. ఇటు వచ్చి, కామాచ్చి నీ నేస్తం కోరుతోందన్నారు. ఇందులో అబద్ధం పాలు ఎంతని అడిగేవాళ్ళు రాయబారానికి పనికిరారు.

"ఎన్న మాష్టర్, చీర ఇచ్చి, చీర తీసుకుని, తర్వాత సండై పోడకూడాదా?" అని కామాచ్చి రెండుసార్లు అడిగింది. పోట్లాటే కూడదా అని ఆమె బెంగ. "సరి లా," అంది, మాట చివర ఆ దేశపు 'లా' తగిలించి. "మంచి చీర ఇవ్వమను."

పోలమ్మ మాత్రం చేతిలోని చేట పక్కన పెట్టింది. "నా నేస్తం టెక్కలి కాడ ఉండిపోనాది," అంది. "ఓడెక్కిన కాడి నుంచి నన్నలా పిలిసినోళ్ళు నేరు. అది నిజంగా అడిగినాదేటిరా?"

మాష్టారు తలూపారు. ఆ తలూపడం ఆయన జీవితంలో అతి బరువైన పని.

రాములవారి పటం ముందు నేస్తం కట్టారు. కామాచ్చి బెల్లం ముక్కను పరీక్షగా చూసి నోరు తెరిచింది.

ఎండలు ముదిరాయి. పంపు సన్నబడింది. ఒక పొద్దున, ఇక గొడవ తప్పదనుకున్న దొర లారీ వెంటబెట్టుకుని వచ్చి పంపు దగ్గర నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే పోలమ్మ చంకలో బిందె తగిలి, కామాచ్చి గంట సేపు పట్టుకున్న నీళ్ళు నేలపాలయ్యాయి. రెండు లైన్ల మగాళ్ళూ లుంగీలు ఎగ్గట్టారు. మాష్టారు లారీ వైపు చూశారు.

"అడీ పో..." అని కామాచ్చి అందుకుంది. పేరు గొంతులోనే ఆగిపోయింది. ఏ తిట్టయినా పేరుతోనే మొదలుపెట్టడం ఆమెకు అలవాటు. చెయ్యెత్తింది, దించింది.

"నేస్తం," అంది. "కళ్ళు కనపడవా లా?"

"కనపడవు నేస్తం," అంది పోలమ్మ. తన నిండు బిందె తీసి కామాచ్చి చంకకెత్తి, తాను వెళ్ళి వరసలో చిట్టచివర నిలబడింది. ఎగ్గట్టిన లుంగీలు ఒక్కొక్కటే దిగాయి. దొర కాసేపు చూసి, లారీని ఎరువు బస్తాలకు పంపించేశాడు.

ఆ డిసెంబరులో మాష్టారు మూడోసారి పరీక్ష రాసి గట్టెక్కారు. మెర్డెకా, అదే స్వాతంత్ర్యం, వచ్చాక లైనుకో పంపు వేశారు. అయినా పోలమ్మ బిందె పట్టుకుని ఎదుటి లైనుకే పోయేది. హెన్రీ రాజుగారి శాశ్వత శాంతి పదకొండేళ్ళకే పుటుక్కుమంది. అప్పన్న మాష్టారిది ఆ ఇద్దరు ఆడవాళ్ళూ పోయేదాకా నిలిచింది. ముందు నేస్తం అడిగింది ఎవరని ఆ ఇద్దరూ ఒకరినొకరు ఎన్నడూ అడగలేదు.