కదలని బైక్‌కి తాళం

సగం ధరకే వస్తున్నాయని నా సైకిల్‌కి, అదే మౌంటెన్ బైక్‌కి కొత్త చక్రాలు వేయించుకుని, అవనిగడ్డ నుంచి పాలకాయతిప్ప బీచ్‌కు బయల్దేరాను. ఒక్క గుంతకే ముందు చక్రం వంగిపోయింది.

పక్కనే పాక ముందు వల బాగుచేసుకుంటున్న పెద్దాయన లేచొచ్చి, తన పాత సైకిల్ నా చేతికిచ్చారు. "సముద్రం చూసి రండి బాబూ. ఇంతదూరం వచ్చి వెనక్కెళ్తారా?" నా పేరైనా అడగలేదు.

నేను మాత్రం కదలని నా బైక్ వెనక చక్రానికి తాళం వేసి, లాగి చూసుకుని మరీ వెళ్ళాను. ఆయన చూస్తూనే ఉన్నారు.

తిరిగొచ్చేసరికి రోడ్డు పక్కన బైక్ లేదు. అనుమానంగా ఆయన వైపు చూశాను.

"ఎండకి టైర్లు పాడైపోతాయని పాకలో పెట్టానండి," అన్నారాయన భుజం రుద్దుకుంటూ. "తాళం వేసుంది కదా, మోసుకెళ్ళాను."

జేబులోంచి తాళంచెవి తీయడానికి చెయ్యి రాలేదు.