పొయ్యి ఆర్పి బయటికొచ్చాం

మూఢం అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నా కోపం పంచాంగం చూసేవాళ్ల మీద కాదు, మా అమ్మ మీద. ఆమె పోయి చాలా ఏళ్లయింది. అయినా ఆ కోపం చల్లారలేదు.

మార్కాపురంలో మేము బాడుగకు ఉన్న ఇంటి సంగతి ఇది. అప్పట్లో మాది కర్నూలు జిల్లా, పైన మద్రాసు ప్రభుత్వం, ఇంకా పైన తెల్లదొరలు. వాళ్లెవరూ మా వీధి ముఖం చూసిన పాపాన పోలేదు. మా నాయన పలకల పని చేసేవాడు. గని నుంచి వచ్చిన రాతిని పొరలుగా చీల్చి, బడిపిల్లల పలకల కొలతకు కోసేవాడు. అమ్మ నీళ్లు చల్లి వాటిని నునుపుగా రుద్దేది. ఇల్లంటే ఒక గది, ఒక వంటపంచ, వెనక కాస్త దొడ్డి. పనికిరాని రాళ్లు ఏరుకొచ్చి నాయన నేలంతా పరిచాడు. ఎండాకాలం ఆ నేల మీద బోర్లా పడుకుంటే నాకు ప్రాణం లేచివచ్చేది. మనది కాని ఇంటికి ఇంత చాకిరీ ఏమిటని వీధిలోవాళ్లు నవ్వేవాళ్లు. నేను పుట్టింది ఆ ఇంట్లోనే. నా తర్వాత పుట్టినవాడు పోయిందీ ఆ ఇంట్లోనే. అమ్మకు వేరే ఇల్లన్న ఊహే లేదు.

ఇల్లుగల అవ్వ పక్కవాకిట్లో ఉండేది. పిల్లలు లేరు. మనిషి గట్టిది, నోరు ఇంకా గట్టిది. చూపు మందగించాక గిద్దలూరులో ఉన్న తమ్ముడి కొడుకు దగ్గరికి పోవాలని తేల్చుకుని, అమ్మనూ నాయననూ పిలిపించింది.

"పైవాళ్లకు ఇచ్చేదానికి నాకు మనసొప్పలే. ఇంట్లో ఉండేవాళ్లకే ఇస్తా. తీసుకుంటారా?" అనింది.

నాయన నోరు తెరిచేలోపే తీసుకుంటామని అమ్మ చెప్పేసింది. అవ్వ ధర న్యాయంగానే చెప్పింది. నాయన దొడ్డిలో పెంచుకుంటున్న మేకలన్నీ అమ్మి, రిజిస్ట్రీ నాడు ఇచ్చేదానికి సొమ్ము సిద్ధం చేశాడు. వీధి పెద్దమనుషుల ఎదుట తాంబూలాలు మార్చుకున్నారు. అంతలో మూఢం వచ్చిపడింది. మూఢంలో శుభకార్యం చేయకూడదు కాబట్టి రిజిస్ట్రీ, గృహప్రవేశం రెండూ అది వెళ్లాకే అనుకున్నారు. అవ్వ సరేనని గిద్దలూరు రైలెక్కింది.

అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. అమ్మను ఒక పట్టింపు పట్టుకుంది. ఉంటున్న ఇంట్లోకి గృహప్రవేశం ఎట్లా చేస్తాం, లోపల ఉన్నవాళ్లు లోపలికి రావడమేమిటి అని మొదలుపెట్టింది. బాడుగ పొయ్యి ఆర్పాలి, సామాను తీసేయాలి, ఇల్లు కొన్నాళ్లు ఖాళీగా ఉండాలి, ఆ తర్వాత ఆవును ముందు పంపి కుడికాలు పెట్టాలి. బాడుగ బతుకును గడప ఇవతలే వదిలేసి సొంతగాళ్లుగా లోపలికి పోవాలని ఆమె ఆశ. నాయన మొదట నవ్వాడు. ఆమె ముఖం చూశాక సరే అన్నాడు. ఎదురింటివాళ్ల పశువుల కొట్టం ఖాళీగా ఉంటే అందులోకి మారాం. అమ్మ మట్టిపొయ్యిని పెళ్లగించి, బూడిద ఎత్తి, మసిబారిన గోడలకు సున్నం కొట్టింది. తలుపుకు గొళ్లెం మాత్రం పెట్టింది. మన ఇంటికి తాళమెందుకు అంది.

మూఢం ఇంకా వెళ్లలేదు, గిద్దలూరులో అవ్వ పోయింది. మాకు ఆ కబురు తెచ్చింది తమ్ముడి కొడుకే. ఒక పొద్దున వచ్చి, గొళ్లెం తీసి, తెల్లగా ఖాళీగా ఉన్న ఇంటిని చూసుకుని, బయటికొచ్చి తాళం వేశాడు. నాయన పనిముట్లు పారేసి పరుగెత్తాడు. పెద్దమనుషులు కూడా వచ్చి, మాట నిజమేనని చెప్పారు. ఆ మనిషి కేకలేయలేదు. కేకలేసి ఉంటే నలుగురూ మీదపడేవాళ్లు.

"మా మేనత్త మాట నేను కాదనను అన్నా. ఉండేవాళ్లకు ఇస్తానంది. ఇప్పుడు లోపల ఎవరున్నారు? మీరే ఖాళీ చేసి పోయినారు గదా" అన్నాడు.

మేము సామాను మోసుకుని బయటికి రావడం వీధంతా చూసిందే. నాయన మూఢం సంగతి, అమ్మ పట్టింపు సంగతి విడమరిచి చెప్పబోయాడు. చెప్పేకొద్దీ అది మాకే పిచ్చిమాటలా వినపడింది. మేము ఇవ్వలేని ధర ఇచ్చేవాళ్లు అప్పటికే అతనికి దొరికారని తర్వాత తెలిసింది.

నాయన అమ్మను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఆమె ఏడ్చేది, కొంత బరువు దిగేది. ఆయన తలవంచుకుని పలకలు కోశాడు. ఆమె పక్కనే కూర్చుని వాటిని రుద్దింది.

మూఢం వెళ్లాక పెద్దారవీడు నుంచి గొర్రెల వ్యాపారి కుటుంబం వచ్చి ఆ ఇంట్లో దిగింది. అతని భార్య చిన్న వయసు మనిషి, మా సంగతేమీ తెలియదు. ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లను పిలుస్తూ కొట్టానికీ వచ్చి, అమ్మకు బొట్టు పెట్టి, పాలు పొంగిస్తున్నాం రమ్మంది. అమ్మ పోదనుకున్నాను. ముఖం కడుక్కుని, చీర సర్దుకుని, నా చెయ్యి పట్టుకుని బయలుదేరింది. బొట్టు పెట్టి పిలిస్తే పోకుండా ఎట్లా అంది.

ఆవు లోపలికి పోయింది. నాయన పరిచిన రాళ్ల మీద పేడ వేసింది. శుభమని అందరూ నవ్వారు. నాకు ఆ ఆవును కూడా కొట్టాలనిపించింది. ఆ చిన్నామె పాలగిన్నె పట్టుకుని, పొయ్యి ఏ మూల పెట్టాలో తెలియక దిక్కులు చూస్తోంది.

"ఆ మూల వద్దమ్మా, పొగ లోపలికి తిరుగుతాది. ఈ గోడవార పెట్టుకో" అంది అమ్మ.

ఆమె అక్కడే మూడు రాళ్లు పెట్టింది. మంట చక్కగా లేచింది.

"నీకెట్ల తెలుసక్కా?" అని అడిగింది.

లోపలున్న ఆడవాళ్లంతా అమ్మ వైపు తిరిగారు. అమ్మ ఇప్పుడు అంతా చెప్పేస్తుందనుకున్నాను. చెప్పాలని, అందరూ వినాలని నాకెంత ఉందో.

"ఇంతకుముందు మేము ఇక్కడ బాడుగకు ఉన్నాం" అంది అమ్మ. పాలు పొంగుతున్నాయి చూసుకోమని ఆమె భుజం పట్టి పొయ్యి వైపు తిప్పింది.