పల్లకి కొమ్ము

నేను గోపాల్‌పేట దగ్గరి పల్లెకు కోడలిగా వచ్చేనాటికి ఊళ్లోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. మా అత్తకు వాటి అవసరం లేదు. ఆమె పిలిస్తే పక్క ఊళ్లో పలికేవాళ్లు. వెంకటేశ్వరస్వామి గుడిలో శనివారం భజన చేసే ఆడవాళ్లకు ఆమే పెద్ద. శ్రుతి ఎక్కడుందో ఆమె ఎన్నడూ వెతకలేదు. మేమే వెతుక్కుంటూ ఆమె వెనక పాడేవాళ్లం.

మా పక్కింటామె కూడా భజనకు వచ్చేది. ఆమె భర్తంటే ఊళ్లో గౌరవం. కల్లు ముట్టడు, శనివారం ఒక్కపొద్దు, ఏటా మల్దకల్ జాతరకు నడిచి వెళ్తాడు. ఊరి ఉత్సవంలో స్వామి పల్లకి మోసే బొంగు ముందు కొమ్ము అతని భుజం మీదే ఉండేది. అంతటి భక్తుడు ఇంట్లో ఎట్లా ఉంటాడో ఎవరూ అడగలేదు.

ఒక శనివారం ఆమె కన్ను కమిలి, పెదవి వాచి వచ్చింది.

"గడప తగిలి పడ్డ పెద్దమ్మా," అంది.

అత్త తాళాలు కింద పెట్టింది. "మీ ఇంటి గడప జానెడు ఎత్తు లేదు. అది లేచి నీ కంటిమీదికి ఎట్లొచ్చింది బిడ్డా?"

ఆమె నవ్వబోయి ఏడ్చింది. ఆ రోజు భజన జరగలేదు. అత్త అంతసేపు మాట్లాడకుండా వినడం నేను చూడటం అదే మొదలు. అంతా విని ఒక్కటే అడిగింది.

"ఇప్పుడు నీకేం గావాలె?"

"ఇయాల ఇంటికి పోబుద్ధయితలేదు."

ఆమెను, ఆమె చిన్న కూతురిని మా ఇంటికి తెచ్చుకున్నాం. మరునాడు వనపర్తి దవాఖానలో చూపించాం. పోలీస్ స్టేషన్‌కు పోదామా అని అత్త అడిగితే, ఆమె పోదామంది. అక్కడ కానిస్టేబుల్ అత్తను జర మెల్లగా మాట్లాడమన్నాడు.

"ఇదే మెల్లగ," అంది అత్త.

ఈ సంగతి తెలిసి గుడి పెద్దలు మా అరుగు మీదికి వచ్చారు.

"ఆలుమొగల మాట ఇంట్ల ఉండాలె గని, ఠాణా దాక పోతదా? ఉత్సవం ముంగట గిదేంది? ఆ పిల్లను ఇంటికి పంపియ్యి."

"పోవాల్నో వద్దో ఆమె చెప్తది. పెండ్లాన్ని కొట్టెటోని భుజం మీద స్వామిని ఎట్లెక్కిస్తరు? ఆయన మోస్తే మేం పాడం."

"మీరు పాడకుంటే ఉత్సవం ఆగుతదా? మేం పాడుకుంటం."

ఉత్సవం నాడు పాడుకున్నారు. మొదటి చరణం ఎట్లాగో లాగారు. రెండోది ఎవరికీ రాదు. మొదటిదాన్నే పట్టుకుని వీధి తర్వాత వీధి తిరిగారు. మేం మా అరుగు మీద నోరు మూసుకుని కూర్చున్నాం. అందుకు అత్త పడ్డ కష్టం అంతా ఇంతా కాదు. పక్కింటామె ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది.

పల్లకి మా ఇంటి ముందుకు రాగానే పూజారి ఆపించాడు.

"నాకూ బిడ్డలున్నరు," అన్నాడు పెద్దలతో. "ఆ అమ్మ అన్నదాంట్ల తప్పేమున్నది?"

పెద్దల్లో ఒకాయన వెళ్లి ఆ భర్త భుజం మీంచి కొమ్మును తానే అందుకున్నాడు. అత్త లేచి గొంతెత్తింది. ఆమె పాట విని ఊరు అంతగా ఊపిరి పీల్చుకున్నది అంతకుముందు ఎన్నడూ లేదు.

ఇల్లాలిపై చెయ్యి ఎత్తినవాడు పల్లకి మోయకూడదన్న కట్టుబాటు ఆ రోజే పడింది. ఆమె భర్త తన అన్న ఇంటికి వెళ్లిపోయాడు. ఆమె కూతురిని తీసుకుని తిరిగి తన ఇంటికి చేరింది. మరుసటి ఏడు కొమ్ము పట్టనివ్వమని అతను అడిగితే, పెద్దలు ఆమెనే అడగమన్నారు. అతను వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. జొన్నరొట్టె కొడుతున్న ఆమె తల ఎత్తలేదు.

"ఈయేడు వద్దు," అంది.

అతను తిరిగి వెళ్లిపోయాడు. ఆమె రొట్టెను పెనం మీద వేసింది.

తర్వాత పక్క ఊళ్ల నుంచి కూడా ఆడవాళ్లు భజనకు రాసాగారు. కొందరు పాడేవాళ్లు కాదు, అత్త పక్కన కూర్చుని మాట్లాడి పోయేవాళ్లు. గుళ్లో పాటకంటే మాటే ఎక్కువైందని పూజారి విసుక్కునేవాడు. మా మాటలు అయ్యేదాకా తలుపు మాత్రం వేసేవాడు కాదు.